మన ఫోను, మన తాళం – మూడో పాఠం: కొనే ముందు

కిందటి పాఠం చివర ఒక అభ్యాసం ఇచ్చాను. మీ ఫోను పూర్తి మోడల్ పేరు, మీరు రోజూ వాడే పది యాప్‌ల పేర్లు కాగితం మీద రాసుకోమన్నాను. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, ఈ రోజు దానితో పని ఉంది. ఫోనును నడిపించే మూల సాఫ్ట్‌వేర్‌ను ఓఎస్ అంటాం. మన సమాచారం గూగుల్‌కు తక్కువగా వెళ్లే గోప్యత ఓఎస్ ఎక్కించుకోవడానికి ఏ ఫోను కొనాలో ఈ పాఠంలో చూద్దాం.

‘ఇప్పుడున్న ఫోనులోనే గోప్యత ఓఎస్ ఎక్కించుకోకూడదా? మళ్లీ కొనడం ఎందుకు?’ న్యాయమైన ప్రశ్నే. నేనూ అలాగే మొదలుపెట్టి చేజేతులా ఒక ఫోను పాడుచేసుకున్నాను. ఆ కథ కాసేపట్లో చెబుతాను. ఎవరైనా చీర కొన్నాకే దానికి నప్పే జాకెట్టు గుడ్డ వెతుకుతారు. ఇక్కడ చీర ఓఎస్, జాకెట్టు గుడ్డ ఫోను. చాలామంది గుడ్డ ముందు కొనేసి, దానికి సరిపడే చీర కోసం ఊరంతా తిరుగుతారు.

రెండో పాఠంలో మనం చూసిన గోప్యత ఓఎస్‌లలో గ్రాఫీన్ ఓఎస్, ఈ పాఠం రాస్తున్న 2026 జనవరి నాటికి, గూగుల్ పిక్సెల్ ఫోన్లలో మాత్రమే నడుస్తుంది. లీనియేజ్ ఓఎస్ అలా కాదు. 2016 డిసెంబరులో సైనోజెన్‌మాడ్ అనే పాత ఓఎస్ మూతపడ్డాక దాని వారసురాలిగా పుట్టి, ఎన్నో కంపెనీల ఫోన్లకు విస్తరించింది. గూగుల్ కళ్లు తప్పించుకోవడానికి గూగుల్ అమ్మే ఫోనే కొనాలా అని మీకు నవ్వు రావచ్చు. నాకూ వచ్చింది. కారణం తెలిశాక నవ్వడం మానేశాను. ఆ కారణం బూట్‌లోడర్ అనే తాళంలో ఉంది.

ఫోను వెలిగించగానే ఆండ్రాయిడ్ కంటే ముందు ఒక చిన్న ప్రోగ్రాం మేలుకుంటుంది. అదే బూట్‌లోడర్. లోపలికి రాబోయే ఓఎస్ మీద కంపెనీ సంతకం, అంటే ఇది మాదేనని చెప్పే డిజిటల్ ముద్ర, ఉందో లేదో చూసి, ఉంటేనే దారి వదులుతుంది. మన ఓఎస్ మీద ఆ సంతకం ఉండదు కాబట్టి ముందు ఈ తాళం తీయాలి. తీయనిస్తారా లేదా అన్నది కంపెనీ ఇష్టం. హువావే 2018లోనే తాళం తీసే కోడ్‌లు ఇవ్వడం ఆపేసింది. షావోమీ ఇస్తుంది కానీ, ఖాతా తెరిచి, ఫోనును దానికి జతచేసి, రోజుల తరబడి ఎదురుచూడమంటుంది. బూట్‌లోడర్ తెరవనిచ్చే శామ్‌సంగ్ ఫోన్లలో దాన్ని తెరిచి వేరే ఓఎస్ ఎక్కిస్తే నాక్స్ అనే ఎలక్ట్రానిక్ ఫ్యూజు కాలిపోతుంది. ఆ తర్వాత పాత ఓఎస్‌ను తిరిగి ఎక్కించినా ఆ ఫ్యూజు బాగుపడదు, ఫైళ్లు దాచుకునే సెక్యూర్ ఫోల్డర్ లాంటివి పనిచేయవు.

మీ చేతిలోని ఫోను సంగతి ఇప్పుడే చూద్దాం. సెట్టింగ్స్‌లో ‘అబౌట్ ఫోన్’ తెరిచి, ‘బిల్డ్ నంబర్’ మీద వరుసగా ఏడుసార్లు నొక్కండి. షావోమీ ఫోన్లలో ఓఎస్ వెర్షన్ మీద నొక్కాలి. ‘డెవలపర్ ఆప్షన్స్’ అనే కొత్త విభాగం కనిపిస్తుంది. అందులో బూట్‌లోడర్ తాళం తీయడానికి అనుమతించే ‘ఓఈఎం అన్‌లాకింగ్’ అనే మీట ఉందా? ఉంటే మసకబారి ఉందా, కదులుతుందా? ప్రస్తుతానికి చూడండి, అంతే. మీట ఉన్నంత మాత్రాన కంపెనీ తాళం తీయనిస్తుందని కాదు, అది మొదటి గుమ్మం మాత్రమే. అసలు తాళం తీసేటప్పుడు ఫోనులోని ఫొటోలు, సందేశాలు మొత్తం తుడిచిపెట్టుకుపోతాయి. బ్యాకప్ గురించి మొదటి పాఠంలో అంతగా మొత్తుకున్నది అందుకే.

ఇక్కడ ‘అన్‌లాక్డ్’ అనే మాటతో జాగ్రత్త. పెట్టె మీద ఆ మాట ఉంటే ఏ కంపెనీ సిమ్ అయినా వేసుకోవచ్చని అర్థం. బూట్‌లోడర్‌కూ దానికీ సంబంధం లేదు. అమెరికాలో ఉన్న కొడుకో, మేనకోడలో సెలవులకు వస్తూ పిక్సెల్ తెస్తామంటే ఈ పేరా వాళ్లకు పంపండి. వెరైజన్ తన ఖాతాదారులకు అమ్మిన పిక్సెల్‌లో ఓఈఎం అన్‌లాకింగ్ మీట మసకబారే ఉంటుంది, సిమ్ తాళం తీసినా అది కదలదు. ఏ సిమ్ కంపెనీతోనూ ముడిపడని ఫోనును గూగుల్ స్టోర్‌లోనే తీసుకోమనండి. ఇంకొక మెలిక కూడా ఉంది. అమెరికాలో అమ్మే పిక్సెల్ 10, 10 ప్రో ఫోన్లలో సిమ్ కార్డు పెట్టే చోటే లేదు, కార్డు లేకుండా ఫోనులోనే ఇమిడి ఉండే ఈ-సిమ్ మాత్రమే. జియో, ఎయిర్‌టెల్ ఈ-సిమ్ ఇస్తాయి కానీ, ఇంట్లో పెద్దవాళ్లకు ఇవ్వాలనుకుంటే ముందే ఆలోచించుకోండి.

ఇప్పుడు నా కథ. అప్పటి నా ఫోను ఒక పేరున్న కంపెనీది. తాళం సులువుగానే తెరుచుకుంది, లీనియేజ్ చక్కగా ఎక్కింది. రెండు నెలలు హాయిగా వాడుకున్నాను. వెలిగించిన ప్రతిసారీ ‘ఈ ఫోను తాళం తీసి ఉంది’ అనే హెచ్చరిక తెరమీదికి రావడం మాత్రం కంట్లో నలుసులా ఉండేది. ఒక ఆదివారం మధ్యాహ్నం, భోజనం చేసి, తీరిగ్గా, ఏమీ చదవకుండా, తాళం తిరిగి వేశాను. అంతే, ఫోను మళ్లీ లేవలేదు. బ్రిక్ అయిందంటారే, అలా. ఆ బూట్‌లోడర్‌కు కంపెనీ సంతకం తప్ప వేరే సంతకం తెలియదు. తాళం వేయగానే లోపలున్న లీనియేజ్‌ను దొంగ అనుకుని ఆపేసింది. సర్వీసు కేంద్రంలో బోర్డు మార్చాలన్నారు. తప్పు పూర్తిగా నాదే.

పిక్సెల్‌కున్న విశేషం సరిగ్గా ఇక్కడే ఉంది. అందులో మీ ఓఎస్ సంతకపు తాళంచెవిని ఫోనుకు పరిచయం చేసి, ఆ తర్వాత బూట్‌లోడర్‌ను తిరిగి మూసేయవచ్చు. అప్పటి నుంచి వెలిగించిన ప్రతిసారీ ఆ సంతకాన్నే సరిచూస్తుంది. పసుపు రంగు గుర్తుతో ఒక తెర, దానిమీద ఆ తాళంచెవి వేలిముద్ర లాంటి పొడవాటి సంఖ్య కనిపిస్తాయి. తాళం తీసి ఉన్న ఫోనులో ఈ కాపలా ఉండదు. రిపేరుకు ఇచ్చిన గంటలో ఎవరైనా ఓఎస్‌నే మార్చేసి తిరిగి ఇవ్వవచ్చు, మీకు తేడా తెలియదు. అందుకే తాళం తెరుచుకుంటుందా అని అడిగి ఆగిపోకండి, నా తాళం వేసుకోనిస్తుందా అని కూడా అడగండి. ఈ రెండో ప్రశ్న దగ్గరే బజారులోని ఫోన్లలో చాలా భాగం పక్కకు పోతాయి.

పిక్సెల్‌కు డబ్బు కుదరకపోతే లీనియేజ్ చెడ్డదేమీ కాదు. గూగుల్‌కు వెళ్లే సమాచారం బాగా తగ్గుతుంది, పాత ఫోను ఇంకొన్నాళ్లు పనికొస్తుంది. అయితే దాని నుంచి గోప్యత ఆశించండి గాని, పటిష్ఠమైన భద్రత ఆశించకండి. మోడల్ పేరుతో పాటు దాని సంకేతనామం, అంటే తయారీదారు లోపల వాడుకునే పేరు, కూడా సరిచూసుకోండి. రెడ్‌మీ నోట్ 7 సంకేతనామం లావెండర్, నోట్ 7 ప్రోది వయొలెట్. పేరులో ఒక్క మాటే తేడా, లోపలి చిప్‌లు వేరు. ఒకదాని ఓఎస్ ఇంకొకదానికి ఎక్కదు. ఇంకొక సంగతి, జియోకు 2జీ, 3జీ లేవు. లీనియేజ్‌లో మీ ఫోనుకు వోల్టీ, అంటే 4జీ మీదే కాల్ మాట్లాడించే ఏర్పాటు, పనిచేయకపోతే ఇంటర్నెట్ వస్తుంది కానీ మామూలు కాల్ వెళ్లదు.

ఆయుష్షు లెక్కకు వద్దాం. ఓఎస్ ఎవరిదైనా మోడెమ్ (నెట్‌వర్క్‌తో మాట్లాడే భాగం), చిప్ లాంటివాటి లోపలి సాఫ్ట్‌వేర్‌ను సరిచేయగలిగింది తయారీదారే. ఆ సరఫరా ఆగిన రోజే ఈ పని వరకు ఫోనుకు వయసు అయిపోయినట్టు, పైకి ఎంత కొత్తగా మెరిసినా సరే. పిక్సెల్ 6, 7 వరుసలకు గూగుల్ అప్‌డేట్లు ఇస్తానని మాట ఇచ్చింది అయిదేళ్లు, 8 నుంచి ఏడేళ్లు. 6ఏకు 2027 జులై వరకు, 7ఏకు 2028 మే వరకు, 8ఏకు 2031 మే వరకు. ఇది మీరు కొన్న తేదీ నుంచి కాదు, ఆ మోడల్ బజారులోకి వచ్చినప్పటి నుంచి లెక్క.

ధరను మిగిలిన నెలలతో భాగించండి. ఊరికే ఉదాహరణకు, పాత 6ఏ 14,400 రూపాయలకు, పాత 8ఏ 25,600కు దొరికాయనుకుందాం. 2026 జనవరి నుంచి చూస్తే 6ఏకు మిగిలింది 18 నెలలు, అంటే నెలకు 800. 8ఏకు 64 నెలలు, అంటే నెలకు 400. చవక అనుకున్నదే రెట్టింపు ఖరీదు. పైగా 8 వరుస నుంచి చిప్‌లో మెమరీ ట్యాగింగ్ అనే రక్షణ ఉంది. మెమరీ లోపాలను అడ్డుపెట్టుకుని చొరబడే దాడులను పట్టేయడానికి గ్రాఫీన్ దాన్ని బాగా వాడుకుంటుంది. నన్నడిగితే 8ఏ కంటే కిందికి దిగవద్దు.

పాతది కొనేటట్లయితే, హైదరాబాద్ అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్ అయినా, మీ ఊరి బస్టాండు పక్క దుకాణమైనా, డబ్బు చేతులు మారకముందే చేయవలసిన పనులున్నాయి. *#06# నొక్కితే ఐఎంఈఐ సంఖ్య, అంటే ఆ ఫోను గుర్తింపు సంఖ్య, వస్తుంది. ఇంగ్లిష్‌లో కేవైఎం అనే మూడక్షరాలు, ఒక ఖాళీ, ఆ తర్వాత 15 అంకెల ఐఎంఈఐ టైపు చేసి 14422కు ఎస్ఎంఎస్ పంపండి. దొంగ ఫోనుగా నిలిపివేసినదైతే జవాబులో తెలిసిపోతుంది. తర్వాత ఫోనును వైఫైకి కలిపి ఓఈఎం అన్‌లాకింగ్ మీట కదిలించి చూడండి. ఇంటర్నెట్ లేకపోతే ఆ మీట కొన్నిసార్లు మసకగానే ఉంటుంది, అది చూసి మంచి ఫోనును వదులుకోవద్దు. పాత యజమాని గూగుల్ ఖాతా తీసేశారో లేదో అక్కడే చూడండి. దుకాణదారు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

మీ కాగితం మీద బ్యాంకు యాప్, యూపీఐ యాప్ ఉన్నాయి కదా. పేచీ వచ్చేది వాటితోనే. కొన్ని యాప్‌లు ‘ఈ ఫోనులో ఉన్నది గూగుల్ ధ్రువీకరించిన ఓఎస్సేనా?’ అని ప్లే ఇంటెగ్రిటీ అనే సేవను అడుగుతాయి. తాళం వేసి, ఎంత భద్రంగా ఉన్నా గ్రాఫీన్‌కు ఆ ముద్ర దొరకదు. అలా అడగని యాప్‌లు మామూలుగా నడుస్తాయి. ఏది అడుగుతుందో ఒక్కో అప్‌డేట్‌కు మారుతుంటుంది కాబట్టి నేను జాబితా ఇవ్వను. పాత ఫోనును వెంటనే అమ్మేయకండి, యూపీఐ కోసం కొన్నాళ్లు ఉంచుకోండి. అయితే యూపీఐ నమోదుకు బ్యాంకులో ఇచ్చిన నంబరు సిమ్ ఆ ఫోనులోనే ఉండాలి, ఎస్ఎంఎస్ అందులోంచే వెళ్లాలి. ఏ సిమ్ ఏ ఫోనులో ఉంటుందో ముందే తేల్చుకోండి. అత్యవసరానికి 2022లో రిజర్వు బ్యాంకు మామూలు ఫోన్ల కోసం తెచ్చిన యూపీఐ 123పే ఉంది. ఏ యాప్ లేకుండానే పనిచేస్తుంది.

ఈ వారం అభ్యాసం: కాగితం మీది పది యాప్‌లలో, లేకపోతే రోజు గడవనివాటికి చుట్టూ గీత గీయండి. మీ దృష్టిలో ఉన్న రెండు ఫోన్లకు నెలసరి ఖరీదు కట్టండి. వచ్చే పాఠంలో గ్రాఫీన్ ఎక్కిస్తాం. దానికి కంప్యూటర్ ఒకటి, డేటా వెళ్లే మంచి యూఎస్‌బీ కేబుల్ ఒకటి కావాలి. ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుల్‌తో నేను ఒక సాయంత్రమంతా కుస్తీ పట్టాను. మీ కేబుల్‌తో ఒక ఫొటో కంప్యూటర్‌లోకి పంపి చూసుకుని రండి.