గాలి నిలకడ లేని రోజున పందెం పడవ నడపడం ఎలా?

వానాకాలంలో హుస్సేన్‌సాగర్ మీదికి గాలి ఎక్కువగా పడమటి నుంచి వస్తుంది. నెక్లెస్ రోడ్డు అవతలి భవనాలనూ చెట్లనూ దాటుకుని రావాలి కాబట్టి నీటి మీదికి చేరేసరికి చిందరవందర అయిపోతుంది. ఆదివారం క్లబ్ పందేల్లో కొత్తవాళ్ళు ఈ గాలితో కుస్తీ పట్టడం చూసీ చూసీ విసుగొచ్చింది. అందుకే ఇది.

లేజర్ పడవ అనుకుందాం, అంటే ఒక్కరే నడిపే చిన్న తెరచాప పడవ. దాన్నిప్పుడు ఇల్కా అనాలట, మేమింకా లేజర్ అనే అంటాం.

మొదట, సామాను. లైఫ్ జాకెట్, టోపీ, నీళ్ళ సీసా, పాత ఆడియో క్యాసెట్ టేపు ముక్కలు రెండు. చాప మీద గాలి ఎలా పోతోందో తెలియడానికి టేపును తెరచాప ముందంచుకు జానెడు వెనక, రెండు పక్కలా అతికించాలి. ఉన్ని దారం వద్దు, తడిస్తే చాపకు అంటుకుపోతుంది. మాస్ట్ (చాప స్తంభం) నిలబెట్టి, బూమ్ (చాప అడుగున ఉండే అడ్డకర్ర), చుక్కాని తగిలించి, పడవ వెనక నీళ్ళు పోయే కన్నానికి ఉండే బిరడా బిగించండి. అది మర్చిపోయినవాళ్ళు సగం దారిలో గుర్తు తెచ్చుకుంటారు.

తర్వాత స్టార్ట్. 5 నిమిషాలకు ఒక జెండా ఎక్కుతుంది, 4కు రెండోది. 1 నిమిషం ఉందనగా రెండోది దిగుతుంది, సున్నాకు మొదటిది. గాలి తక్కువగా ఉంటే స్టార్ట్ గీత దగ్గరే తచ్చాడండి. దూరం పోతే మీరు తిరిగి వచ్చేసరికి పందెం వెళ్ళిపోతుంది.

ఇక అసలు పని, ఎదురుగాలిలో బోయ్ (నీటి మీద తేలే గుర్తు) దాకా వెళ్ళడం. నేరుగా వెళ్ళలేం, అటో వాలు ఇటో వాలు ట్యాక్ చేస్తూ, అంటే పడవ ముక్కును గాలికి అడ్డంగా అవతలి వైపుకు తిప్పుతూ పోవాలి. గాలి దిశ మారి మీ పడవ ముక్కును బోయ్ నుంచి పక్కకు నెట్టిందంటే, వెంటనే ట్యాక్ చేస్తే లాభం. ఇది అందరికీ తెలుసు. తెలియంది ఏమిటంటే, గాలి తగ్గినా అచ్చం అలాగే కనిపిస్తుంది.

ఎందుకంటే, గాలి పడిపోయినా పడవ పాత వేగంతోనే కాసేపు పోతుంది. పడవ పోకడ వల్ల పుట్టే గాలి ముందు నుంచి కొడుతుంది కాబట్టి టేపు ముక్కలు ఎగిరి, చాప ముందంచు వణుకుతుంది. కొత్తవాడు "దిశ మారింది" అని కంగారుగా ట్యాక్ చేస్తాడు. ఉన్న కాస్త వేగమూ పోతుంది. పది క్షణాలకు పాత గాలే తిరిగి వస్తుంది, వాడు మళ్ళీ ట్యాక్ చేస్తాడు. అలా ఒకే చోట గిరికీలు కొట్టినవాళ్ళను నేను లెక్కపెట్టడం మానేశాను.

కాబట్టి చాప వణకగానే ఐదు లెక్కపెట్టండి. చుక్కాని కదపొద్దు. మీ ముందున్న నీటిని చూడండి. నీరు అద్దంలా నున్నగా అయితే గాలి తగ్గింది, ఓపిక పట్టండి. నీటి మీద నల్లటి మచ్చలాంటి అలలు అలాగే ఉన్నా చాప ఇంకా వణుకుతుంటే దిశ మారింది, అప్పుడు తిప్పండి. సంజీవయ్య పార్కులోని పెద్ద జెండాను చూసి నిర్ణయించేవాళ్ళున్నారు. అది 291 అడుగుల స్తంభం, బాబూ. అంత ఎత్తున వీచేది వేరు, మీ చాపకు తగిలేది వేరు.

తిప్పేటప్పుడు చుక్కాని తోయకండి, అది బ్రేకు. పడవను చాప వైపు కొంచెం వాలనిస్తే ముక్కు తనంతట తనే గాలిలోకి తిరుగుతుంది. అవతలికి మెల్లగా జారండి, దబ్బున దూకొద్దు. తిరిగాక షీట్ (చాపను లాగి పట్టే తాడు) మూరెడు వదిలి, వేగం వచ్చాకే లాగండి. పడవను ఊపుతూ ముందుకు తోసుకుపోవడం మాత్రం తెరచాప పందేల నియమాల్లో రూల్ 42 ప్రకారం తప్పు.

బోయ్ తిరిగాక గాలివాటున పోవడమే. ముందుకు జరిగి కూర్చుని, వెనక వచ్చే నల్ల మచ్చల కోసం చూస్తుండండి. కుడి వైపు నుంచి గాలి తగులుతూ వచ్చేవాడికి దారివ్వండి, వాదించకండి.

గాలి పూర్తిగా చచ్చిపోతే రెస్క్యూ బోటువాళ్ళు తాడు విసురుతారు. అందుకున్నారంటే మీ పందెం అక్కడితో సరి. నేనైతే అందుకుంటాను, ఆలస్యం చేస్తే క్లబ్బులో వడలు మిగలవు.