ఇంట్లో కూర్చుని బాలే చూడటం – 5వ పాఠం: 32 లెక్క ఎక్కడ తప్పింది?

పోయిన పాఠం చివర ఇచ్చిన పని చిన్నదే. స్వాన్ లేక్ మూడో అంకంలో నల్లహంస ఒడీల్ ఒంటికాలి మీద గిర్రున తిరిగే ఫుయెతేలను లెక్కపెట్టమన్నాం. ఆనవాయితీగా అవి 32. వచ్చిన జవాబులు ఒకదానికొకటి పొంతన లేవు. బైరాగిపట్టెడ నుంచి 42, చిత్తూరు గ్రీమ్స్‌పేట నుంచి 27, శ్రీకాళహస్తి నుంచి 19. ఒకరైతే లెక్క వదిలేసి, 'ఆమె తాళం తప్పింది' అని తీర్పే ఇచ్చేశారు. ఈసారి మూకాభినయం మొదలుపెట్టాల్సింది. కానీ ముందు ఈ లెక్క తేలాలి.

27 తప్పు కాకపోవచ్చు. 42 మాత్రం కచ్చితంగా తప్పే. 19 రాసినవారి తప్పేమీ లేదు, అది వాళ్ళ టీవీ చేసిన పని.

ముందు ఆ 19 సంగతి. పాత రికార్డింగులు 4:3 కొలతలో ఉంటాయి, ఇప్పటి టీవీ 16:9. పక్కల నల్లపట్టీలు కనబడితే చాలామందికి ఊరుకోబుద్ధి కాదు, రిమోట్ తీసి 'జూమ్' నొక్కుతారు. అప్పుడు బొమ్మ ఎత్తులో నాలుగో వంతు పోతుంది: పైన ఎనిమిదో వంతు, కింద ఎనిమిదో వంతు. సినిమాలో అయితే పోయేది కాస్త గడ్డి, కాస్త ఆకాశం. బాలేలో పోయేది పాదాలు. జూమ్ బదులు సాగదీసే 'ఫుల్' పెడితే పాదాలు ఉంటాయి గానీ, మనిషి మూడో వంతు అడ్డంగా లావవుతుంది. నల్లపట్టీలను అలాగే ఉండనివ్వండి. ఎల్‌జీలో 'ఒరిజినల్' లాంటి పేరుతో ఆ అమరిక ఉంటుంది.

తాళం తప్పిందన్న తీర్పు వెనక ఉన్నది బ్లూటూత్ స్పీకర్. శబ్దం గాల్లో వెళ్ళి స్పీకర్లో విప్పుకునేసరికి సెకనులో ఐదో వంతు దాకా ఆలస్యమవుతుంది. మాటల సీరియల్లో అది పట్టుబడదు. కానీ ఫుయెతేలు దాదాపు సెకనుకొకటి చొప్పున పడతాయి కాబట్టి పాదం ముందు, దెబ్బ తర్వాత వినబడుతుంది. టీవీ సొంత స్పీకర్ గానీ వైరున్న ఇయర్‌ఫోన్ గానీ వాడండి. నూరు రూపాయల వైరు ఇయర్‌ఫోన్ ఈ పనికి వేల రూపాయల బ్లూటూత్ స్పీకర్ కంటే మేలు. మూడోది, టీవీలో కదలికను నునుపు చేసే అమరిక. సోనీలో మోషన్‌ఫ్లో, ఎల్‌జీలో ట్రూమోషన్ అంటారు. రెండు ఫ్రేముల మధ్య లేని ఫ్రేమును టీవీ తానే ఊహించి గీస్తుంది. కాలు వేగంగా విసిరినచోట ఆ ఊహ తప్పి, మడమ మాయమవుతుంది, ఒక్కోసారి రెండు కాళ్ళు మూడవుతాయి. పూర్తిగా ఆపేయండి.

ఇక 42. ఇక్కడే అందరూ పడతారు. నాట్యం నేర్చినవాళ్ళు ఇంకా ముందు పడతారు.

మన కూచిపూడిలో లెక్క చెవికి అందుతుంది. కాలు నేలను తడుతుంది, గజ్జె పలుకుతుంది, నట్టువాంగం దారి చూపుతుంది. బాలేలో గజ్జె లేదు. శాటిన్ బూటు అడుగు రికార్డింగులో సంగీతం కింద కలిసిపోతుంది. చెవికి ఆనవాలు దొరక్కపోయేసరికి కన్ను సులువైనదాన్ని పట్టుకుంటుంది. అది ముఖం. తల తిరక్కుండా ఉండటానికి డాన్సరు ఎదురుగా ఒక బిందువు మీద చూపు నిలుపుతుంది. ఒళ్ళు తిరుగుతున్నా తల ఆగి, చివర్లో ఝటాలున తిరిగి, ఒంటికంటే ముందే ఆ బిందువుకు వచ్చేస్తుంది. అలా ముఖం మన వైపు తళుక్కుమన్న ప్రతిసారీ మీరు ఒకటి వేసుకున్నారు. మీరు లెక్కపెట్టింది చుట్లను, ఫుయెతేలను కాదు.

తేడా ఇది. డాన్సరు ఎడమకాలి మునివేళ్ళ మీద నిలిచి ఉంటుంది. మడమ నేలకు దిగుతుంది, మోకాలు వంగుతుంది. ఈ వంపే ప్లియే. అదే క్షణంలో కుడికాలు ముందుకు చాచుకుని పక్కకు విసురుగా వెళుతుంది (రష్యన్ పద్ధతిలో నేరుగా పక్కకే). ఆ విసురు ఊపుతో మళ్ళీ మునివేళ్ళ మీదికి లేస్తుంది, కుడిపాదం ఎడమ మోకాలి దగ్గర ముడుచుకుంటుంది, ఒళ్ళు తిరుగుతుంది. ఫ్రెంచిలో ఫుయెతే అంటే కొరడాతో కొట్టినది అని. కొరడా ఎన్నిసార్లు ఝళిపించిందన్నదే లెక్క. ఒక్క విసురుకు ఒక చుట్టు తిరిగినా ఒకటే, రెండు తిరిగినా ఒకటే, మూడు తిరిగినా ఒకటే.

బలమున్న డాన్సర్లు మూడు ఒంటి చుట్ల తర్వాత ఒక జంట చుట్టు వేస్తుంటారు. నాలుగింటికి ముఖం ఐదుసార్లు కనబడుతుంది. 32కి ఎనిమిది నాలుగులు, అంటే 40 ముఖాలు. మొదట్లో ఊపు కోసం వేసే పిరువెట్ (విసురు లేకుండా ఒంటికాలి మీద తిరగడం) కూడా జంట చుట్టే అయితే ఇంకో రెండు. ఇదిగో బైరాగిపట్టెడ వారి 42! ఆ పిరువెట్ ఫుయెతేల లెక్కలోకి రాదు. కాబట్టి ముఖం చూడకండి, నడుము చూడకండి, చేతులు అసలే చూడకండి. నిలిచిన కాలి మడమ ఒక్కటే చూడండి. అది నేలను తాకినప్పుడే ఒకటి.

32ను గుర్తుపెట్టుకోవడానికి మన ఊళ్ళో ఎవరికీ కొత్త పాఠం అక్కర్లేదు. ఆది తాళం నాలుగు ఆవర్తనాలు. మడమ దిగినప్పుడల్లా ఒక అక్షరం: దెబ్బ, మూడు వేళ్ళు, దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. ఆ చోట సంగీతం రెండేసి మాత్రల పరుగు, సాధారణంగా ప్రతి రెండు మాత్రలకు ఒక్కో ఫుయెతే వస్తుంది. రికార్డింగులో ప్రేక్షకుల చప్పట్లు సగం దగ్గర మొదలవుతాయి. వాటి మీద తాళం వేశారో, మీరూ వాళ్ళతో పాటే పరుగెడతారు.

కాగితం మీద వరుసకు ఎనిమిది చొప్పున నాలుగు వరుసల గళ్ళు గీయండి. ఒంటి చుట్టుకు అడ్డగీత, జంటకు 2, మడమ కనబడకపోతే ప్రశ్నార్థకం. కెమెరా ఉన్నట్టుండి రాజకుమారుడి ముఖం మీదికి దూకుతుంది. ఈ దర్శకులకు కాళ్ళ మీద ఏం కోపమో! అప్పుడు తాళం ఆపకండి, ఆ గళ్ళలో ప్రశ్నార్థకాలు వేసుకుంటూ పోండి. లేని ఫుయెతేను ఉందని రాయొద్దు, లేదనీ రాయొద్దు. గ్రీమ్స్‌పేట వారి 27లో ఐదు అలా దాగి ఉండొచ్చు. లేదా డాన్సరు నిజంగానే 27 దగ్గర ఆపి, మిగిలిన అక్షరాలను బహుచుట్ల పిరువెట్‌తో ముగించి ఉండొచ్చు. అది తప్పు కాదు. 1895లో సెంట్ పీటర్స్‌బర్గ్ మరీన్‌స్కీ థియేటర్లో ఇటలీ డాన్సరు పియెరీనా లెన్యానీ 32 వేసింది కాబట్టి ఆ అంకె నిలిచింది. రష్యన్ డాన్సరు మాయా ప్లిసెత్‌స్కాయా అయితే ఈ చోట ఫుయెతేలు వదిలేసి స్టేజీ చుట్టూ చుట్లు కొట్టేది.

ఎడమకాలు, కుడికాలు అన్నాను కదా, కొందరికి తిరగబడి కనబడొచ్చు. ఎడమవైపు తిరిగే డాన్సర్లు ఉన్నారు, కానీ ముందు వీడియోనే అనుమానించండి. హక్కుల తనిఖీకి దొరక్కుండా అద్దంలో బొమ్మలా తిప్పేసి ఎక్కించిన కాపీలు యూట్యూబ్‌లో ఉంటాయి. అంకం మొదట్లో ఆర్కెస్ట్రాను చూపిస్తారు. కండక్టరు (టికెట్లు కొట్టే కండక్టరు కాదు) కర్ర ఎడమచేతిలో, వయొలిన్ కమాను కూడా ఎడమచేతిలో ఉంటే ఆ కాపీ వదిలేయండి.

మూకాభినయం ఈసారికి ఒక్క సంజ్ఞ. ఫుయెతేలు ముగిసిన కాసేపటికి రాజకుమారుడు చూపుడువేలు, నడిమివేలు జతగా పైకెత్తుతాడు. నాట్యం తెలిసినవారికి అర్ధపతాకం గుర్తొస్తుంది. ఆ దారిన వెళ్ళకండి. ఇక్కడ దాని అర్థం ఒక్కటే, ప్రమాణం. తెల్లహంస ఒడెట్‌కు ఇచ్చిన మాట అక్కడే పోయింది. తలపైన చేతులు తిప్పడం, ఉంగరపు వేలు చూపడం, పిడికిళ్ళు అడ్డంగా కలపడం వచ్చే పాఠంలో.

అభ్యాసం. ఒకే ఘట్టం, మూడు వేర్వేరు డాన్సర్ల రికార్డింగులు, ఒక్కోటి నాలుగుసార్లు. మొదటిసారి మామూలు వేగంలో తాళం మాత్రం, కాగితం ముట్టుకోవద్దు. రెండోసారి సగం వేగంలో గళ్ళు నింపండి. సందేహం వచ్చినచోట ఆపి, కంప్యూటర్లో యూట్యూబ్ అయితే కామా, ఫుల్‌స్టాప్ మీటలు, వీఎల్‌సీ అయితే 'E' అక్షరం మీట. ఒక్కో ఫ్రేము కదులుతుంది. మూడోసారి పాదం ఎంత జరిగిందో చూడాలి. మొదటి మడమ దిగినచోటికి సూటిగా టీవీ కింది ఫ్రేము మీద ఒక బొట్టుబిళ్ళ అతికించండి (తెర మీద వద్దు, జిగురు పోదు), ఆఖరి మడమ దగ్గర ఇంకోటి. ఇది పక్కలకు జరిగింది మాత్రమే చెబుతుంది. మన వైపు ముందుకు జరిగితే మనిషి బొమ్మ కాస్త పెద్దదవుతుంది, పాదం తెర మీద కిందికి దిగుతుంది. వెనక తెర బొమ్మ కూడా కదులుతుంటే కెమెరా ఆమెతో పాటు తిరుగుతోందని అర్థం, ఆ కొలత కొట్టేయండి. నాలుగోసారి, మొదటి మడమ నుంచి ఆఖరిదాకా స్టాప్‌వాచ్. అర నిమిషం అటూ ఇటూ రావాలి. పాత ఫిల్ము నుంచి యూరప్ డీవీడీకి ఎక్కించినదైతే 24 ఫ్రేములను 25గా నడుపుతారు కాబట్టి నూటికి నాలుగు పాళ్ళు వేగం, శ్రుతి కూడా ముప్పావు స్వరస్థానం పైకి. ఆ డీవీడీ మీద జోన్ 2 అని ఉంటే మన జోన్ 5 ప్లేయరులో అసలు ఆడకపోవచ్చు, కొనకముందే చూసుకోండి.

పన్నెండుసార్లు చూడటం ఎక్కువే. మూడు కాగితాలూ పంపండి, ప్రశ్నార్థకాలు చెరపకుండా.