రైల్వే సిగ్నలింగ్ సైబర్ భద్రత – పాఠం 4: వచ్చిన సందేశాన్ని రైలు ఎప్పుడు నమ్మాలి?

గత పాఠంలో సిగ్నలింగ్ నెట్‌వర్క్‌ను జోన్లుగా విడదీశాం. ఎంత విడదీసినా, పట్టాల పక్కనున్న కేంద్రం నుంచి ఇంజిన్‌కు సందేశం గాలిలోంచే వెళ్లాలి. ఆ దారికి గోడ కట్టలేం. కాబట్టి సందేశమే తన నిజాయితీని రుజువు చేసుకోవాలి.

2023 ఆగస్టులో పోలండ్‌లో ఎవరో రేడియోలో ‘ఆపు’ సంకేతం పంపితే సుమారు 20 రైళ్లు నిలిచిపోయాయి. ఆ పాత అనలాగ్ పద్ధతిలో 150 మెగాహెర్ట్జ్ బ్యాండులో మూడు స్వరాలు వరుసగా వినబడితే చాలు, బ్రేకు పడుతుంది. పంపిందెవరో కనుక్కునే ఏర్పాటు లేదు.

ఇప్పుడు పైథాన్ తెరవండి. ‘బ్లాక్ 12, వేగం 80’ (బ్లాక్ అంటే పట్టాల్లో ఒక భాగం) అనే సందేశాన్ని బైట్లుగా ఎన్‌కోడ్ చేసి (చేయకపోతే ఎర్రర్ వస్తుంది), జెడ్‌లిబ్ మాడ్యూల్‌తో సీఆర్‌సీ32 – అంటే బైట్ల నుంచి వచ్చే తనిఖీ సంఖ్య – లెక్కించి వెనక తగిలించండి. 80ని 160 చేసి, పాత సీఆర్‌సీ అలాగే ఉంచండి. తేడా పట్టుబడుతుంది. మళ్లీ 160 పెట్టి, ఈసారి సీఆర్‌సీ కూడా కొత్తగా లెక్కించండి. అందుకునే వైపు ఏ అనుమానమూ రాదు. సీఆర్‌సీ పట్టుకునేది లైన్లో దొర్లిన పొరపాటును మాత్రమే. లెక్క అందరికీ తెలిసిందే కనుక దాడి చేసేవాడూ చేసుకోగలడు. చాలామంది ఇంజినీర్లు తడబడేది సరిగ్గా ఇక్కడే. ఈ మెట్టును రెండుసార్లు చేసి చూడండి.

తర్వాత సీక్రెట్స్ మాడ్యూల్‌తో 32 బైట్ల రహస్య కీ తయారుచేసి, ఎస్‌హెచ్‌ఏ-256 అనే హ్యాష్ పద్ధతితో హెచ్‌మ్యాక్ – అంటే కీనీ సందేశాన్నీ కలిపి లెక్కించే ధృవీకరణ కోడ్ – కట్టండి. కీ లేనివాడు 160కి సరిపోయే కోడ్ తయారుచేయలేడు. పోల్చడానికి రెండు సమాన గుర్తులు వాడొద్దు, కంపేర్ డైజెస్ట్ ఫంక్షన్ వాడండి. పోలికకు పట్టే సమయాన్ని బట్టి కోడ్ బయటపడే వీలుంటుంది. యూరప్ రైలు నియంత్రణ వ్యవస్థ ఈటీసీఎస్ రేడియో సందేశాల్లోనూ ఇదే ఆలోచన ఉంది; అక్కడ ట్రిపుల్ డీఈఎస్ అనే గుప్తీకరణ పద్ధతితో కట్టిన 8 బైట్ల కోడ్ వాడతారు.

ఇప్పుడు అసలు చిక్కు. కోడ్ సరిగ్గా ఉన్న పాత సందేశాన్నే పది నిమిషాల తర్వాత మళ్లీ పంపండి. హెచ్‌మ్యాక్ దాన్ని ఒప్పుకుంటుంది! అప్పటికి ఆ బ్లాకులో ఇంకో రైలు ఉండొచ్చు. అందుకే వరుస సంఖ్యనూ సమయాన్నీ సందేశంలో చేర్చి, ఆ మొత్తానికి కోడ్ కట్టాలి. వాటిని కోడ్ పరిధి బయట వదిలేస్తే ఎవరైనా మార్చేస్తారు.

సమయానికిచ్చే గడువు విషయంలో తొందరపడొద్దు. మరీ తగ్గిస్తే, గడియారాలు కాస్త తేడాగా నడిచినా మంచి సందేశాలు తిరస్కరణకు గురై రైళ్లు ఊరికే ఆగుతాయి. మరీ పెంచితే పాత సందేశానికి తలుపు తెరిచినట్టే.

అభ్యాసం: రైల్వే సందేశాల ప్రమాణం ఈఎన్ 50159 ఏడు ముప్పులు చెబుతుంది: పునరావృతం, తొలగింపు, చొప్పింపు, వరుస తారుమారు, చెడిపోవడం, ఆలస్యం, మారువేషం. ఒక్కోదాన్ని మీ ప్రోగ్రాంలో ఏది పట్టుకుంటుందో రాయండి. ‘తొలగింపు’ దగ్గర ఆగి ఆలోచించండి: తర్వాతి సందేశం వస్తేనే వరుస సంఖ్య లోటు చూపిస్తుంది. అసలేదీ రాకపోతే?

ఆ 32 బైట్ల కీని ఇంజిన్‌లోకి ఎవరు, ఎలా చేరవేస్తారన్నది 5వ పాఠం.