పండక్కి బొమ్మలు, పటాలు సర్దే ముందు

సంక్రాంతికి హాలు కొత్తగా సర్దుతున్నారా? చేతిపని వస్తువులుంటే ముందు ఇవి చూసుకోండి.

• కొండపల్లి బొమ్మను తడిగుడ్డతో తుడవద్దు. తెల్లపొణికి చెక్క ముక్కల్ని చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికిస్తారు. తడి తగిలితే రంగుతో పాటు అతుకులూ పోతాయి. పొడి బ్రష్ చాలు. పనిమనిషికి కూడా ముందే చెప్పండి.

• చేర్యాల పటానికి (గుడ్డ మీద కథల బొమ్మలు గీసేది) ఎండ పడని, చెమ్మ లేని గోడ చూడండి. గుడ్డ మీద సుద్ద పూత ఉంటుంది కాబట్టి తీసి దాచేటప్పుడు మడతపెట్టొద్దు, చుట్టండి.

• ఏటికొప్పాక లక్క బొమ్మల పక్కన దీపం వద్దు. లక్క వేడికి మెత్తబడుతుంది. అసలు ఆ రంగు ఎక్కించేదే తరిణ (చెక్కను గిర్రున తిప్పే యంత్రం) మీద రాపిడి వేడితో.

• నిమ్మలకుంట తోలు ల్యాంప్‌లో ఎల్‌ఈడీ బల్బే వాడండి. పాతకాలం ఫిలమెంట్ బల్బు వేడికి తోలు ముడుచుకుపోతుంది.

• కలంకారీ కర్టెన్ కొనేటప్పుడు డిజైన్ పరీక్షగా చూడండి. ప్రతి పువ్వూ అచ్చు ఒకేలా ఉంటే అది కలంతో గీసింది కాదు. చెక్క అచ్చులతో వేసే పెడన అద్దకం బాగానే ఉంటుంది, కానీ దానికి శ్రీకాళహస్తి చేతిగీత ధర ఎందుకు?