సెల్లార్ గోడకు వాటర్‌ప్రూఫింగ్ బ్రష్ పెట్టే ముందు

• ముందు తడి ఎక్కణ్నుంచి వస్తోందో తేల్చుకోండి. గోడ మీద మూరెడు ప్లాస్టిక్ షీట్ పరిచి, నాలుగంచులా టేపు అతికించి 2 రోజులు వదిలేయండి. షీట్ వెనక చెమ్మ ఉంటే నీళ్లు గోడలోంచి ఊరుతున్నట్టు. షీట్ మీద గదివైపు మాత్రమే చెమర్చితే అది గదిలోని తేమ, దానికి వాటర్‌ప్రూఫింగ్ దండగ.

• వాన పడుతున్నప్పుడు బయట ఓ చుట్టు తిరగండి. డాబా పైపు నీళ్లు పునాది పక్కనే పడుతున్నాయా? నేల వాలు ఇంటివైపే ఉందా? చాలాసార్లు అసలు రోగం అక్కడే ఉంటుంది, మనమేమో లోపల డబ్బాలకు డబ్బాలు పూస్తుంటాం.

• నేల మీద నీళ్లు నిలిచి ఉంటే అడుగు పెట్టొద్దు. కరెంటు మెయిన్ ఆపాలి. ఆ బోర్డు సెల్లార్‌లోనే ఉంటే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

• వెంట్రుకవాసి పగుళ్లు, పైపు చుట్టూ సందులు మీరే పూడ్చుకోవచ్చు. అడ్డంగా పాకిన పగులు, లోపలికి ఉబ్బిన గోడ అయితే స్ట్రక్చరల్ ఇంజినీర్ చూడాల్సిందే. అనుమానంగా ఉంటే పగులు కొసన పెన్సిల్ గీత గీసి తేదీ రాయండి. నెల తర్వాత గీత దాటిందంటే మీ చేతుల్లో పని కాదు.

• తెల్లటి ఉప్పు పొరను వైరు బ్రష్‌తో గీకేయండి. దాని మీదే పూస్తే పెచ్చులూడటం ఖాయం. పాత పెయింట్‌లో సీసం ఉండొచ్చు, పొడిగా గీకొద్దు.

• తడి సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది: గ్లౌజులు, రక్షణ కళ్లద్దాలు పెట్టుకోండి.

• బయట పునాది పక్కన లోతుగా తవ్వే పని సొంతంగా వద్దే వద్దు. మట్టి కూలితే తప్పించుకునే వ్యవధి ఉండదు.

• కాంట్రాక్టర్‌కు ఇస్తే గ్యారంటీ మెటీరియల్‌కేనా, పనికి కూడానా అన్నది కాగితం మీద రాయించుకోండి.