లివర్ సిర్రోసిస్, పొట్టలో నీరు: రక్త పరీక్ష నార్మల్‌గా ఉన్నా ఇన్ఫెక్షన్ ఉండొచ్చు

సిర్రోసిస్ (లివర్ మచ్చలు పడి గట్టిపడే జబ్బు) ఉండి పొట్టలో నీరు చేరిన మనిషి ఉన్నట్టుండి నీరసపడితే విశాఖలో చాలా ఇళ్లలో ముందుగా ల్యాబ్‌కు పరుగెత్తి సీబీపీ (రక్తకణాల లెక్క), సీఆర్‌పీ (ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్‌ను సూచించే పరీక్ష) చేయిస్తారు. రిపోర్ట్ బాగుందంటే ఊపిరి పీల్చుకుంటారు. నాకు భయం వేసేది అక్కడే. ఈ జబ్బులో పొట్ట ఇన్ఫెక్షన్ ఉందో లేదో తేల్చేది రక్తం కాదు, పొట్టలోని నీరు.

సమస్య: జ్వరం లేదు, కానీ మనిషి తేడాగా ఉన్నారు

పగలంతా మగత, రాత్రి నిద్ర లేకపోవడం, మాట తడబడటం, మూత్రం తగ్గడం, కామెర్లు పెరగడం, విరేచనాలు, పొట్టలో కొద్దిపాటి నొప్పి. వీటిలో ఏ ఒక్కటి కొత్తగా కనిపించినా ఇన్ఫెక్షన్‌ను అనుమానించాలి. అసలు ఏ లక్షణమూ లేకుండానే కొందరిలో ఇది ఉంటుంది.

కారణం పేగుల్లోనే ఉంది. సిర్రోసిస్‌లో పేగు గోడ కాపలా సడలుతుంది. అక్కడి బ్యాక్టీరియా గోడ దాటి పొట్ట నీటిలోకి చేరుతుంది. వాటిని అడ్డుకునే ప్రోటీన్లు ఆ నీటిలో తక్కువ. లీవర్ దెబ్బతిన్నవారిలో ఒంటి వేడి కూడా సరిగా పెరగదు, అందుకే థర్మామీటర్‌ను నమ్ముకోకూడదు.

పరిష్కారం: అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. మత్తుగా ఉన్నా, రక్తపు వాంతి అయినా, మలం నల్లగా వచ్చినా 108కి ఫోన్ చేయండి. విశాఖలోని కేజీహెచ్‌కైనా, విమ్స్‌కైనా, దగ్గర్లోని ఇంకే పెద్దాసుపత్రికైనా పాత రిపోర్టులన్నీ వెంట తీసుకెళ్లండి. అవి ఎందుకో కింద చెబుతాను.

సమస్య: తెల్ల కణాలు, సీఆర్‌పీ నార్మల్ అంటున్నారు

సిర్రోసిస్‌లో ప్లీహం వాచి రక్తకణాలను పట్టేసుకుంటుంది. మామూలు రోజుల్లో తెల్ల కణాలు 2,500 ఉండే మనిషికి ఈరోజు 7,500 వచ్చిందనుకోండి. ల్యాబ్ కాగితం మీద అది నార్మలే, ఆ మనిషి లెక్కలో మాత్రం మూడు రెట్లు. పాత రిపోర్టులు పక్కన పెట్టుకుంటేనే ఈ సంగతి తెలుస్తుంది.

సీఆర్‌పీ తయారయ్యేది లీవర్‌లోనే. లీవర్ బాగా చితికిపోయినప్పుడు, ఎంత ఇన్ఫెక్షన్ ఉన్నా అది పెరగాల్సినంత పెరగకపోవచ్చు. ఇంకొందరిలో ఇన్ఫెక్షన్ లేకుండానే కొంచెం ఎక్కువగా ఉంటుంది. వాపును సూచించే మరో రక్త పరీక్ష ఈఎస్‌ఆర్‌ను రక్తహీనత పైకి లాగుతుంది, రక్తం గడ్డకట్టించే ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్ తగ్గితే కిందికి దిగుతుంది. ప్రోకాల్సిటోనిన్ అనే రక్త పరీక్ష వీటికంటే కొంత నయం. బాగా పెరిగితే బ్యాక్టీరియా అనుమానం బలపడుతుంది. కానీ తక్కువగా ఉందని ఇన్ఫెక్షన్ లేదనేయలేం, కిడ్నీ దెబ్బతింటే అది కూడా పెరుగుతుంది.

ఈ పరీక్షలు వద్దని కాదు. రోజురోజుకూ పోల్చి చూడటానికి, మందు పనిచేస్తోందో లేదో అంచనా వేయడానికి పనికొస్తాయి. ఇన్ఫెక్షన్ లేదని చెప్పే అధికారం మాత్రం వాటికి ఇవ్వకండి. పొట్టలో నీరున్న సిర్రోసిస్ రోగి ఏ కారణంతో అడ్మిట్ అయినా నీటి పరీక్ష చేయాలన్నది వైద్యుల మార్గదర్శకాల్లోనే ఉంది. "డాక్టరు గారూ, పొట్ట నీరు పరీక్షకు పంపారా?" అని ఇంటివాళ్లు అడగడంలో తప్పేమీ లేదు.

సమస్య: సూది గుచ్చితే రక్తం ఆగదేమో

ఈ టెన్షన్ సహజం. ప్లేట్‌లెట్లు తక్కువ, ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చెప్పే అంకె) ఎక్కువ కనిపిస్తాయి కాబట్టి. అయినా పరీక్ష కోసం కొద్దిగా నీరు తీసేటప్పుడు పెద్దగా రక్తస్రావం కావడం చాలా అరుదు. ముందుగా ప్లాస్మా ఎక్కించాల్సిన అవసరం కూడా మామూలుగా ఉండదు. ఆలస్యమే ఎక్కువ ప్రమాదం. నీటిని యాంటిబయాటిక్ మొదలుపెట్టకముందే తీసి, కొంత మంచం దగ్గరే కల్చర్ బాటిల్‌లో (బ్యాక్టీరియాను పెంచి చూసే సీసాలో) వేయిస్తే మంచిది.

సమస్య: నీటి రిపోర్ట్ వచ్చింది, అర్థం కావడం లేదు

చూడాల్సిన అంకె న్యూట్రోఫిల్స్, అంటే బ్యాక్టీరియాతో పోరాడే ఒక రకం తెల్ల కణాలు. ఘన మిల్లీమీటరుకు 250 లేదా అంతకు మించితే ఇన్ఫెక్షన్ కింద లెక్కేసి వైద్యం మొదలుపెడతారు. మొత్తం కణాలు 800, అందులో న్యూట్రోఫిల్స్ 60 శాతం ఉంటే 480 అవుతుంది. కల్చర్‌లో ఏమీ పెరగలేదని మందు ఆపకూడదు. చాలామందిలో కల్చర్ ఖాళీగానే వస్తుంది.

లింఫోసైట్లే (ఇంకో రకం తెల్ల కణాలు) ఎక్కువగా ఉంటే మన దేశంలో టీబీని కూడా గుర్తుపెట్టుకోవాలి. న్యూట్రోఫిల్స్ వేలల్లో ఉండి, ఆ నీటిలో గ్లూకోజ్ 50 (మి.గ్రా./డెసిలీటరు) కంటే తగ్గి, రెండు మూడు రకాల సూక్ష్మజీవులు కనిపిస్తే పేగుకు రంధ్రం పడిందేమో చూడాలి. అప్పుడు స్కాన్, సర్జన్ రెండూ కావాలి. యాంటిబయాటిక్ ఒక్కటే సరిపోదు.

సమస్య: మందు పడుతోంది, మూత్రం మాత్రం తగ్గుతోంది

ఇన్ఫెక్షన్ కిడ్నీలను లాగేస్తుంది. అందుకే సెఫోటాక్సిమ్ లాంటి యాంటిబయాటిక్‌తో పాటు ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌ను నరం ద్వారా ఇస్తారు. మొదటి రోజు కిలో బరువుకు 1.5 గ్రాములు, మూడో రోజు 1 గ్రాము. 60 కిలోల మనిషికి 90 గ్రాములు, తర్వాత 60 గ్రాములు. 1999లో వచ్చిన ఒక అధ్యయనంలో ఆల్బుమిన్ కలిపినవారిలో కిడ్నీ దెబ్బతినడం 33 శాతం నుంచి 10 శాతానికి తగ్గింది, మరణాలూ తగ్గాయి. బాటిల్ ధర చూసి గుండె జారడం సహజమే. ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్యసేవ డెస్క్‌లో ముందే అడగండి, ఖర్చు గురించి డాక్టరుతో దాచకుండా మాట్లాడండి. ఇది బలానికి పెట్టే సెలైన్ కాదు, కిడ్నీని కాపాడే మందు.

రెండు రోజుల తర్వాత కూడా తేరుకోకపోతే నీటిని మళ్లీ పరీక్షించాలి. న్యూట్రోఫిల్స్ కనీసం పావు వంతైనా తగ్గకపోతే మందు మార్చాలి. ఇటీవల ఆసుపత్రిలో ఉండి వచ్చినవారికి మొదటి నుంచే బలమైన మందు కావాల్సి రావచ్చు. ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మెడికల్ షాపులో కొని వేయకండి, అవి కిడ్నీని ఇంకా కుంగదీస్తాయి.

ఇంటికి వచ్చాక

ఒకసారి వచ్చిన ఇన్ఫెక్షన్ మళ్లీ రావడం మామూలే. అందుకే చాలామందికి రోజూ నార్‌ఫ్లాక్ససిన్ 400 మిల్లీగ్రాములు గానీ, వేరే మందు గానీ రాస్తారు. బాగున్నాం కదా అని మీ అంతట మీరు ఆపొద్దు. గ్యాస్ మాత్రలు నెలల తరబడి వాడుతుంటే అవి కూడా ఈ ఇన్ఫెక్షన్ ముప్పు పెంచవచ్చు, నిజంగా అవసరమా అని డాక్టరును అడగండి.

సముద్రం ఒడ్డున ఉన్న మనకు ఇంకో జాగ్రత్త ఉంది. ఉప్పునీటిలో ఉండే విబ్రియో బ్యాక్టీరియా సిర్రోసిస్ ఉన్నవారి ప్రాణం తీయగలదు. చేపలు, రొయ్యలు, గుల్లలు బాగా ఉడికాకే తినాలి. ఫిషింగ్ హార్బర్‌లో పనిచేసేవారు చేతికో కాలికో కోసుకుంటే ఆ గాయానికి సముద్రపు నీరు తగలనివ్వకూడదు. గాయం చుట్టూ ఎర్రబడి బొబ్బలు లేస్తే పట్టీ కట్టి తెల్లారేదాకా చూడకుండా, వెంటనే ఆసుపత్రికి వెళ్లి సిర్రోసిస్ ఉందన్న మాట ముందుగా చెప్పండి.