కిక్రి పాట మీద పది నిమిషాల సినిమా తీయాలంటే

ఆదిలాబాద్ గోండుల మీద షార్ట్ ఫిల్మ్ అనుకోగానే హైదరాబాద్ యూనిట్ల కళ్లన్నీ గుస్సాడీ నాట్యం చేసేవాళ్ల నెమలి ఈకల టోపీ మీదే. దాన్ని వదిలేయండి. ఆ నాట్యం ఉండే దండారి పండుగ దీపావళి రోజుల్లోనే సాగుతుంది, వేషం కట్టినవాళ్లు అది ముగిసేదాకా స్నానం కూడా చేయరు. అలాంటిది ఎండాకాలంలో వెళ్లి, షాట్ కోసం ఒకసారి పెట్టుకోండి అంటే ఏం బాగుంటుంది? పది నిమిషాలకి గోండులకి కథలు పాడే ప్రధాన్ తెగ పెద్దాయన ఒకరు, ఆయన వాయించే కిక్రి అనే తీగల వాయిద్యం, ఒక గోత్రం కథ చాలు. గోండుల వంశచరిత్రలు పాడి నిలబెట్టింది ప్రధానులే.

బయల్దేరేముందు మాసబ్ ట్యాంక్ ట్రైబల్ మ్యూజియంలో వాయిద్యాలు చూసి పేర్లు రాసుకోండి. కథలోకి కొమురం భీం వస్తే ఒక జాగ్రత్త: జోడేఘాట్‌లో వర్ధంతి ఆశ్వయుజ పౌర్ణమికి చేస్తారు. ఇంగ్లీషు తేదీ చూసి వెళ్తే ఖాళీ మైదానమే దొరుకుతుంది.

మొదటి ప్రయాణం కెమెరా లేకుండా చేయండి. ఊరి పటేల్‌ని కలిసి రాం రాం చెప్పి, పాడే ఆయన్ని మూడు సంగతులు విడివిడిగా అడగండి: తీయొచ్చా, యూట్యూబ్‌లో పెట్టొచ్చా, పాటని మధ్యలో కోయొచ్చా. మూడోది అందరూ మరిచిపోతారు. గంటలకొద్దీ సాగే కథని రెండు నిమిషాలకి కుదిస్తే ఏ దేవుడి పేరు ఎగిరిపోయిందో మనకి తెలియదు, ఆయనకి తెలుస్తుంది.

అసలు పని శబ్దం దగ్గరే. కిక్రికి మూడు తీగలు, దాని గొంతు చిన్నది, పాడే గొంతు పెద్దది. కెమెరా మైక్‌లో పాట మాత్రమే మిగులుతుంది. కిక్రికి అడుగు దూరంలో ఒక మైక్, పాడేవారికి వేరే మైక్ పెట్టి రెండు ట్రాకులుగా తీయండి. రికార్డర్ సెట్టింగ్ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, గట్టి స్వరం మీటర్‌లో మైనస్ 12 డెసిబెల్స్ దాటకూడదు. శబ్దాన్ని తనంతట తనే పెంచి తగ్గించే ఆటో గెయిన్ ఆపేయాలి. లేకపోతే ఆయన ఊపిరి తీసుకున్నప్పుడల్లా కీచురాళ్ల రొద పైకి లేస్తుంది, మళ్లీ ఎత్తుకోగానే గొంతు పగులుతుంది. చివర్లో అదే చోట, అందరూ మౌనంగా ఉండగా ఒక నిమిషం రికార్డు చేయండి. ఎడిటింగ్‌లో అతుకులు వినపడకుండా కాపాడేది అదే.

బొమ్మకి సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ 1/50. ఫోన్లో అలవాటైన 30, 1/60 పెడితే మన 50 హెర్ట్జ్ కరెంటుకి ట్యూబ్‌లైట్ కింద చారలు పారతాయి.

సబ్‌టైటిల్స్‌కి తెలుగు అనువాదం ఇంగ్లీషు మీదుగా తిప్పొద్దు. తెలుగులో మనం వేరు, మేము వేరు, ఇంగ్లీషులో రెండూ ఒకటే. గోత్రం కథలో ఆ తేడా పోతే ఇంకేం మిగిలింది? ఆదిలాబాద్ ప్రధానులు ఇంట్లో మరాఠీ మాట్లాడి గోండీలో పాడతారు, కాబట్టి రెండూ వచ్చినవారిని పట్టుకోండి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్‌లో తెలుగు ఒత్తులు విడిపోతుంటే ఫాంట్ మార్చి లాభం లేదు, టెక్స్ట్ ఇంజిన్‌ని సౌత్ ఏషియన్‌కి మార్చాలి.

ఎడిటింగ్ ఖాయం చేసేముందు కట్‌ని పాడిన ఆయనకే చూపించండి. కోయని పూర్తి పాటని ఎంపీ3గా ఆ ఇంటి పిల్లల ఫోన్లలో వేసి రండి. వేవ్ ఫైల్ ఇస్తే బరువెక్కువై వాట్సాప్‌లో పంపుకోవడం కష్టం, పక్కన పడేస్తారు.